మా నాన్నగారి జావా

మా నాన్నగారికి జావా మోటార్‌సైకిలు లేదు. ఏ రోజూ లేదు. టెక్కలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పిన ముప్ఫై ఏళ్లూ ఆయన ఒకే హెర్క్యులిస్ సైకిలు తొక్కారు. ఈ ముక్క బండి మిస్త్రీ అడిగిన రోజునే చెప్పేసుంటే నాకు అరవై ఒక్క వేలు మిగిలేవి, మా ఆవిడకి వెనక సీటు మిగిలేది, మా అమ్మాయి ముందు తలెత్తుకుని తిరిగేవాణ్ణి. చెప్పలేదు. ఇన్నాళ్లకి ఎందుకు చెప్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను కలకత్తా వచ్చి ఇరవై ఏడేళ్లు. రేవులో సరుకు విడిపించే ఒక ఆఫీసులో గుమాస్తాని. కాపురం వాట్‌గంజ్‌లో. బండి 2014 నాటి స్ప్లెండర్, నల్లది, ట్యాంకు మీద ఎర్ర చారలు. దానికి వంక పెట్టడానికి లేదు. వానాకాలం ఖిదిర్‌పూర్ నీళ్లలో చక్రం సగం మునిగినా ఒక్క కిక్కుకే లేచేది. దాని తప్పు ఒక్కటే: అచ్చం అలాంటివే దేశం నిండా ఉన్నాయి. ఒకరోజు ఆఫీసు ముందు నా బండనుకుని వేరెవరిదో ఎక్కి, తాళం తిరగక, కంపెనీని తిడుతూ పది నిమిషాలు కుస్తీ పట్టాను. ఓ కుర్రాడు టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడి, నా కుస్తీ అయ్యేదాకా ఓపిగ్గా చూసి, "దాదా, అది నాది" అన్నాడు. "మీది ఆ చివర." ఆ చివరన ఇంకో మూడు స్ప్లెండర్లున్నాయి.

ఆ రాత్రి ఫోన్లో జావా చూశాను. అదే నా కొంప ముంచింది.

జావా అంటే తెలియని కుర్రకారు కోసం రెండు ముక్కలు. చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్‌సైకిళ్ల వ్యాపారం కొనుక్కుని, ఆ రెండు పేర్ల మొదళ్లూ కలిపి పెట్టిన పేరది. మన దేశంలో మైసూరులో 1961 నుంచి తయారైంది. తర్వాత యెజ్డీ అని పేరు మార్చుకుని, 1996లో ఫ్యాక్టరీ మూతపడేదాకా బతికింది. 250 సీసీ, టూ-స్ట్రోక్. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టే కాడే తిప్పితే గేరు కాడ. దానిమ్మగింజ రంగు ట్యాంకు, దానికి రెండు పక్కలా అద్దంలా మెరిసే క్రోమ్, మోకాళ్లు ఆనించుకోవడానికి నల్ల రబ్బరు. ఆ ట్యాంకు చూస్తుంటే నాకు ఒక బాల్యం గుర్తొచ్చింది. అది నా బాల్యం కాదన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంది అంటారు. నక్కనంటాం గానీ, వాతలు పెట్టే మిస్త్రీ ఒకడు దొరకాలిగా దానికి.

నిజానికి తప్పు పూర్తిగా నాది కాదు, ఈ పేటది. వాట్‌గంజ్‌కి ఆ పేరు కల్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. ఈయన ఈస్టిండియా కంపెనీ వారి చీఫ్ ఇంజనీరు. ఇక్కడ నది ఒడ్డున రేవు కడతానని పూనుకుని, 1781లో నాన్‌సచ్ అనే ఓడ కూడా నీళ్లలోకి దింపాడు. ఆ రేవు మీద పది లక్షల రూపాయలు పోసి, పూర్తి చేయలేక చేతులెత్తేశాడని పాత కలకత్తా చరిత్రలు చెప్తాయి. ఆ కాలపు పది లక్షలు! అంతకు ఏడాది ముందు, 1780 ఆగస్టు 17న, అలీపూర్‌లో వారెన్ హేస్టింగ్స్‌కీ ఫిలిప్ ఫ్రాన్సిస్‌కీ పిస్తోళ్ల పోరు జరిగితే, ఫ్రాన్సిస్ తరఫున సాక్షిగా నిలబడ్డది ఈ వాట్సనే. తూటా తగిలింది ఫ్రాన్సిస్‌కి. అంటే, ఓడే పక్షాన నిలబడి, పూర్తికాని పనికి ఆస్తి తగలేసిన ఇంజనీరు పేరున్న పేటలో నేను ఇరవై ఏడేళ్లుగా గాలి పీలుస్తున్నాను. ఈ వాదన మా ఆవిడకి వినిపించాను. "ఆయన ఓడైనా దింపాడు" అంది.

మా ఆవిడది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనికి వెళ్లి అక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదొకటి. మావగారు ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరుగా రిటైరయ్యారు. అందుకని ఇనుము గురించి ఆవిడతో మాట్లాడేటప్పుడు నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను.

"ఏమండీ, పాతగా కనబడే కొత్త బండి కావాలంటే కంపెనీ వాళ్లే చేసి అమ్ముతున్నారుగా?" అంది. నిజమే. ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ ఉంది. జావా పేరుతోనే 2018 నవంబర్‌లో మళ్లీ కొత్తది దింపారు. ఆమాటకొస్తే నేను చేద్దామనుకున్న పిచ్చిపని స్ప్లెండర్ కంపెనీయే 2014లో చేసింది: స్ప్లెండర్ ప్రో క్లాసిక్ అని, అదే 97.2 సీసీ ఇంజనుకి గుండ్రటి లైటు, ఒంటి మనిషి సీటు తగిలించి రేసు బండి వేషం వేసింది. జనం పెద్దగా కొనలేదు. మూడు నాలుగేళ్లలో ఆపేశారు. అంటే నా ఆలోచనకి ఇంత పెద్ద దేశంలో పరీక్ష పెట్టడం, అది తప్పడం కూడా అయిపోయింది. నాకే ఫలితాలు అందలేదు.

ఊరుకుంటానా? లండన్‌లో 1938లో తెరిచిన ఏస్ కఫే గురించి చెప్పాను. యాభైలు, అరవైల్లో కుర్రాళ్లు అక్కడ చేరి, మామూలు బండ్లకి బరువంతా పీకేసి, హ్యాండిలు కిందికి దించి, గంటకి వంద మైళ్లు అందుకోవాలని కఫే నుంచి కఫేకి పరుగులు తీసేవారని చెప్పాను. "అంటే టీ కొట్టు నుంచి టీ కొట్టుకి" అంది. జపాన్‌లో మిత్సుఓకా అనే కంపెనీ 1993 నుంచి మామూలు నిస్సాన్ మార్చ్ కార్లకి ముందూ వెనకా రేకులు మార్చి, పాతకాలం జాగ్వార్‌లా చేసి అమ్మిందని చెప్పాను. "వాళ్లు అమ్మారు. మీరు ఖర్చు పెడతారు" అంది. నేనింక వాదించలేదు. వాదించకపోవడాన్ని ఆవిడ ఒప్పుకోలుగా తీసుకుంది, నేను అనుమతిగా తీసుకున్నాను.

మిస్త్రీ షెడ్డు మా సందు చివరే. అరవై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడతాడు, ఇంజను మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు చూస్తాడు. నా కోరిక విని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మంచి బండి దాదా. ఎందుకు పాడు చేస్తారు?" అన్నాడు. పని ఒప్పుకోనన్నాడు. ఇంత నిజాయితీపరుణ్ణి ఎదుర్కోవడానికి నా దగ్గర ఆయుధమేమీ లేదు. అప్పుడే నోరు జారింది.

"మా నాన్నగారికి జావా ఉండేది" అన్నాను. అనేశాక ఆగొచ్చు. ఆగలేదు. "నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవారు. ఇప్పుడాయన లేరు."

ఈ మూడింట్లో చివరిది ఒక్కటే నిజం. మిస్త్రీ చేతిలో స్పానరు కింద పెట్టాడు. "బాబా కీ గాడీ?" అన్నాడు, నాన్నగారి బండా అని. కుర్రాణ్ణి పంపి టీ తెప్పించాడు. కూలీ సగమే తీసుకుంటానన్నాడు. అబద్ధం ఎంత చవకో అనుకుంటూ ఇంటికొచ్చాను.

చవకేం కాదు. నా లెక్క చిన్నది: పాత బజారులో ఓ గుండ్రటి ట్యాంకు, ఓ పూత రంగు, రెండు గీతలు, మొత్తం పాతిక వేలు. మిస్త్రీ లెక్క వేరు. ఆయనకిది నా బండి కాదు, బాబా జ్ఞాపకం. రేకు మడ్‌గార్డు పలచగా ఉన్నది చాలన్నాను. "బాబా బండికి ఈ రేకు నడవదు." పైపై రంగు చాలన్నాను. "బాబా ట్యాంకుకి క్రోమ్ ఉండేది కదా?" ఉండేదని ఒప్పుకున్నాను. మోకాలి రబ్బర్లు ఏవో ఒకటి వేసెయ్యమన్నాను. మల్లిక్ బజారులో పాత స్పేరుపార్టుల కొట్లన్నీ గాలించి, అసలు మైసూరు రబ్బర్లు పట్టుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు, విభూతి పెట్టినట్టు. వాటి ధర విని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆయనకీ తిరిగాయి.

ఆలస్యమెందుకని అడిగితే ఒకటే మాట: "హోయే జాబే." బెంగాలీలో ఆ మాటకి 'అయిపోతుంది' అని అర్థం. ఏమైపోతుందో చెప్పరు.

జావా ట్యాంకు స్ప్లెండర్ మీద కూర్చోదు. చొక్కా బొత్తాం పట్టనట్టు, ట్యాంకు కింద ఉండే గాడి ఈ బండి ఫ్రేము గొట్టానికి సరిపోదు. దాన్ని కోసి, వెడల్పు చేసి, గ్యాసు వెల్డింగు పెట్టి, కారే చోట మళ్లీ పెట్టి, ఎగుడుదిగుళ్లకి పుట్టీ పూసి, రుద్ది, మళ్లీ పూశారు. అంతా అయి బండి మీద కూర్చోబెట్టాక ఇంకో సంగతి బయటపడింది. స్ప్లెండర్ ఇంజను సిలిండరు దాదాపు పడుకుని, ముందుకి కాళ్లు చాపుకుని ఉంటుంది. జావాది నిటారుగా నిలబడేది. అందుకని పైన అంత గంభీరమైన ట్యాంకు, దాని కింద పెద్ద ఖాళీ. అవతల వీధి కనబడుతోంది. పెళ్లి ఫోటోలో అరువు కోటు వేసుకున్న బక్క పెళ్లికొడుకులా ఉంది.

తర్వాత సైలెన్సరు. "బాబా బండికి రెండుండేవి. ఒక్కటి పెడితే ఆయన ఆత్మ ఏమంటుంది?" ఆయన ఆత్మ ఆదాయం ఖర్చు చూసుకోమంటుందని నాకు తెలుసు. చెప్పే దారి లేదు. ఈ ఇంజనుకి పొగ వెళ్లే దారి ఒక్కటే. కాబట్టి ఎడమ పక్కన రెండోది, లోపల ఏమీ లేని డొల్ల గొట్టం, కేవలం శోభకి బిగించాడు. సైలెన్సరు అనే పేరుకి న్యాయం చేసింది అదొక్కటే. ఇప్పుడందులో మా సందు పిల్లలు గోళీలు దాచుకుంటున్నారు. గతుకుల్లో గలగలమంటుంది.

ఒక్క పని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ట్యాంకు అంచున బంగారు గీతలు గీయడానికి లారీల మీద బొమ్మలు వేసే ముసలాయన వచ్చాడు. టేపు లేదు, స్కేలు లేదు. పొడుగాటి వెంట్రుకల కుంచె రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగులో ట్యాంకు ఈ చివర నుంచి ఆ చివరకి గీసేశాడు. నా జన్మలో నేను ఏ పనీ అంత నిబ్బరంగా చేయలేదు. ఆ గీత కోసం మిగతాదంతా క్షమించొచ్చు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ మాట ఇంట్లో అనను.

రెండు నెలల తర్వాత బండి ఇంటికొచ్చింది. మొత్తం 58 వేలు, సగం కూలీ రాయితీ పోనూ.

ఆ ఆదివారం ఖరగ్‌పూర్ నుంచి మావగారు వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వేలి కణుపుతో ట్యాంకు మీద అక్కడక్కడ తట్టారు. టంగ్. టంగ్. టప్. టప్. టప్. "అల్లుడు గారూ, ఇందులో ఇనుమెంత, పుట్టీ ఎంత?" అన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లు రైలు పెట్టెలు బాగుచేసిన చెవులు అవి. నేను మాట మార్చి బండి స్టార్ట్ చేశాను. మహా గంభీరమైన ఆ రూపంలోంచి ఉషా కుట్టుమిషను చప్పుడొచ్చింది. ఉషా మిషన్లు తయారైందీ ఈ కలకత్తాలోనే, ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులో. ఆ లెక్కన స్థానిక సంప్రదాయం నిలబెట్టానని సర్దిచెప్పుకోవచ్చు.

మా ఆవిడ అన్నీ చూసి ఒక్కటే అడిగింది. "నేనెక్కడ కూర్చోవాలి?"

అడిగేదాకా నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. కింద స్ప్రింగులున్న ఒంటి సీటు పెట్టించాను. వెనక ఓ చిన్న ఇనప క్యారేజీ. శారీ గార్డు అందానికి అడ్డమని పీకించేశాను. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో మా ఆవిడ బండి మీద నా భుజం మీద చెయ్యి వేసి కూర్చునే చోటు ఒక్కటే ఉంది. నేనెప్పుడూ చూడని ఓ కాలం మీద బెంగతో దాన్ని కోసి పారేశాను.

"క్యారేజీ మీద మెత్త వేస్తాను" అన్నాను. "కొబ్బరికాయలకి వేయండి" అంది.

మా అమ్మాయి లా మూడో ఏడు చదువుతోంది. చదువు చెప్పించడంలో ఉన్న ప్రమాదం నాకప్పుడు తెలిసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో కంపెనీ చెప్పిన వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదట. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందట. వెనక కూర్చునేవాళ్ల కోసం పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, చక్రానికి సగమైనా అడ్డు ఉండాలని 123వ నిబంధన. ఆ అడ్డే మన శారీ గార్డు. ఇక అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఐదేసి వేలు జరిమానా. కాగితం కలం తెచ్చుకుని బండి చుట్టూ తిరిగింది. "ట్యాంకు ఒకటి. సీటు రెండు. హ్యాండిలు మూడు. మడ్‌గార్డులు, ఐదు. సైలెన్సరు ఆరు. లేని సైలెన్సరు ఏడు. హెడ్‌లైటు ఎనిమిది. పీకేసిన శారీ గార్డు తొమ్మిది. నలభై ఐదు వేలు నాన్నా. లేదా ఆరు నెలల దాకా జైలు. లేదా రెండూ."

"ఆరు నెలలా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఆ గొంతులో దిగులు కోసం వెతికాను. దొరకలేదు.

మాకు ఆదివారం లేక్ మార్కెట్‌కి వెళ్లడం ఆనవాయితీ. కలకత్తాలో అరటాకులు, కరివేపాకు, ఇడ్లీ బియ్యం, మల్లెమొగ్గలు ఒకే చోట దొరికేది అక్కడే. ఆ ఆదివారం మా ఆవిడ సంచీ తీసుకుని పసుపుపచ్చ ట్యాక్సీ ఎక్కింది. నేను వెనకాల జావా మీద. ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కుతుండగా పుట్టీ కిందనుంచి పెట్రోలు చెమ్మ మొదలైంది, బండి రెండుసార్లు దగ్గి ఆగింది. ముందు ట్యాక్సీ వెళ్లిపోతోంది. అంబాసిడర్. యాభైల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు రూపాన్ని పెద్దగా మార్చకుండా ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 దాకా చేస్తూపోయిన బండి. నా స్ప్లెండర్ పుట్టిన ఏడాదే దాని పుట్టుక ఆగింది. దానికెవరూ పాతకాలం వేషం వెయ్యలేదు. ఒట్టి బద్ధకం వల్ల అది పాతగా మిగిలింది. అసలు సిసలు పాత బండి వెనక కిటికీలోంచి మా ఆవిడ నావైపు తిరిగి చూసింది. చెయ్యి ఊపింది కూడా.

ఇంతటితో అయిపోయుంటే బాగుండేది. దసరాకి మా అమ్మ వచ్చింది. బాబా భార్య వచ్చిందని తెలిసి, మిస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని, సందేశ్ పొట్లం పట్టుకుని ఇంటికొచ్చాడు. అమ్మకి హిందీ రాదు, బెంగాలీ రాదు, చెవి కూడా కొంచెం దూరం. ఆయనకి తెలుగు రాదు. మధ్యలో మా అమ్మాయి. నేను గోడకి జారబడ్డాను.

"మాజీ, బాబాకి జావా అంటే చాలా ఇష్టమట కదా?"

"నాన్నమ్మా, తాతగారికి జావా అంటే ఇష్టమా అని అడుగుతున్నారు."

అమ్మ మొహం వికసించింది. "జావా? ఇష్టమేటే, పేణం. చోడి జావ నేకపోతే ఆయనకి తెల్లారీది కాదు."

మా అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. నావైపు చూసింది. నేను కళ్లతోనే కాళ్లు పట్టుకున్నాను. అది హిందీలోకి తిరిగింది: "జావా లేనిదే తాతగారికి తెల్లారేది కాదట."

మిస్త్రీ తల ఊపాడు. "రోజూనా?"

"రోజూ. ఎండాకాలమైతే రాత్రే చల్లార్చి ఉంచీదాన్ని."

"వేసవిలో నాన్నమ్మే రాత్రంతా చల్లబరిచేదట."

"సరైన పని" అన్నాడు మిస్త్రీ గౌరవంగా. "టూ-స్ట్రోక్ ఇంజను త్వరగా వేడెక్కుతుంది." కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆఖరి రోజుల్లో?"

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆఖర్న మంచం పట్టినా మాననేదు. నానే పట్టీదాన్ని, రెండు చెంచాలు."

మా అమ్మాయి గొంతు కూడా ఇక్కడ కొంచెం తడబడింది, నవ్వో ఏడుపో తెలీదు. "ఆయన మంచం పట్టాక నాన్నమ్మే చూసుకుందట, చివరిదాకా."

మిస్త్రీ లేచి నిలబడి, వంగి మా అమ్మ పాదాలకి దణ్ణం పెట్టాడు. వేసవి రాత్రుల్లో జావా ఇంజను చల్లబరచిన మహాతల్లి ఆయన కళ్ల ముందుంది. వంటింటి గుమ్మంలో మా ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం నిలువునా జావగారిపోయాను.

అమ్మ రైలెక్కిన మర్నాడే షరతులు వచ్చాయి. పాత సీటు, శారీ గార్డు, పాత ట్యాంకు మళ్లీ బిగించాను. ఇంకో మూడు వేలు. దానిమ్మగింజ ట్యాంకు మా మంచం కింద ఉంది, దాని మీది బంగారు గీత కోసం. ట్యాంకు ఎందుకు విప్పించానని మిస్త్రీ అడిగితే, "నాన్నగారి వస్తువు, రోడ్డు మీద తిప్పబుద్ధి కాలేదు" అన్నాను. చూశారా, ఇంకోటి.

దాంతో ఆయన ఇంకాస్త కరిగిపోయి ఓ కోరిక కోరాడు. వచ్చే సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ నాటికి, బాబా జావా పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి కావాలట. ఫ్రేము కట్టించి షెడ్డులో పెట్టుకుంటాడట. మా ఇంట్లో నాన్నగారి ఫోటోలు నాలుగే ఉన్నాయి. మూడింట్లో పక్కన సైకిలుంది, నాలుగో దాంట్లో ఎడ్లబండి.

కాబట్టి చదువరులకి నాదొక మనవి. మీ ఇళ్లలో పాత పెట్టెలు ఎలాగూ దులుపుతుంటారు. అరవైల్లోనో డెబ్భైల్లోనో జావా పక్కన పంచె కట్టుకుని నిలబడ్డ సన్నపాటి మేష్టారి ఫోటో ఏదైనా కనిపిస్తే, నాకొక కాపీ పంపించండి. మొహం సరిగ్గా కనబడకపోయినా ఫర్వాలేదు. కనబడకపోతేనే మంచిది.